బడిలో లేని కొలువు

తెలంగాణ ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 29న వెలువరించిన డీఎస్సీ ప్రకటనలో 11,062 పోస్టులున్నాయి. అందులో స్కూల్ అసిస్టెంట్లు 2,629, సెకండరీ గ్రేడ్ టీచర్లు 6,508, భాషాపండితులు 727, వ్యాయామ ఉపాధ్యాయులు 182. ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు బోధించే స్కూల్ అసిస్టెంట్లు 220, సెకండరీ గ్రేడ్ టీచర్లు 796. పాఠం చెప్పేవారికీ ఆటలు నేర్పేవారికీ చోటు దొరికిన ఈ జాబితాలో, పదిహేనేళ్ల పిల్లవాడు తన చదువు గురించో, ఇంటి పరిస్థితి గురించో, మనసులోని బాధ గురించో భయం లేకుండా చెప్పుకోగల మనిషికి మాత్రం ఒక్క వరుస కూడా లేదు. ఇది ఒక ప్రభుత్వం మరచిపోయిన విషయం కాదు. అంతకుముందు వచ్చిన ప్రకటనల్లోనూ, ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన వాటిలోనూ ఆ వరుస కనిపించదు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో విద్యార్థి సలహాదారు లేకపోవడానికి అసలు కారణం నిధుల కొరతో, నిపుణుల కొరతో కాదు, ఆ కొలువే మంజూరు పోస్టుల పట్టికలోకి ఎన్నడూ ఎక్కకపోవడం.

విద్యార్థి సలహా సేవలు అనే మాటకు విద్యాశాస్త్రంలో మూడు పాయలున్నాయి. చదువులో వెనుకబాటుకు కారణం వెతికి దారి చూపడం మొదటిది. పదో తరగతి తరువాత ఏ కోర్సు, ఏ వృత్తి అన్న నిర్ణయానికి కావలసిన సమాచారాన్నీ ఆత్మపరిశీలననూ అందించడం రెండవది. కుటుంబం, స్నేహాలు, భయాలు, దుఃఖాల వంటి వ్యక్తిగత విషయాల్లో శిక్షణ పొందిన మనిషి ఓపికగా విని, అవసరమైతే వైద్యుడి దగ్గరికో చట్టం దగ్గరికో చేర్చడం మూడవది. ఈ శాస్త్రం పుట్టింది కూడా రెండో పాయతోనే. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1908లో ఫ్రాంక్ పార్సన్స్ యువకులకు వృత్తి సలహా కేంద్రం తెరిచినప్పుడు ఆయన ముందున్న సమస్య మనోవ్యాధి కాదు, పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లకు పట్నంలో ఏ పని తగునో తెలియకపోవడం. మన దేశంలో ఈ సేవల గురించి చర్చ ఇటీవల ఆత్మహత్యల వార్తలు వచ్చినప్పుడే మొదలై వాటితోనే ముగిసిపోతున్నందున, మొదటి రెండు పాయలు ఎవరి లెక్కలోకీ రాకుండా పోతున్నాయి.

సిఫారసులకు మాత్రం ఏనాడూ కరువు లేదు. మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతి ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యా సంఘం, శిక్షణ పొందిన మార్గదర్శక అధికారుల సేవలను క్రమక్రమంగా అన్ని విద్యాసంస్థలకూ అందించాలని చెప్పింది. 1964-66లో దౌలత్ సింగ్ కొఠారి సారథ్యంలోని విద్యా సంఘం ఇంకొంచెం లెక్కగా మాట్లాడింది: ప్రతి బడికీ ఒక నిపుణుణ్ణి నియమించడం అప్పటి దేశానికి తలకు మించిన పని అని గుర్తించి, పది మాధ్యమిక పాఠశాలలకు కలిపి ఒక సంచార సలహాదారు ఉండాలనీ, తేలికపాటి పనుల్లో ఉపాధ్యాయులు ఆయనకు చేదోడుగా నిలవాలనీ, జిల్లాకు కనీసం ఒక బడిలో పూర్తిస్థాయి మార్గదర్శక కార్యక్రమం నమూనాగా నడవాలనీ సూచించింది. ఆ నివేదిక వచ్చి అర్ధశతాబ్దం దాటినా అందులోని కనీస కార్యక్రమం కూడా ఒక సగటు తెలంగాణ మండలానికి చేరలేదు. జాతీయ విద్యా విధానం 2020లో పాఠశాల సముదాయాల స్థాయిలో సలహాదారులను, సామాజిక కార్యకర్తలను ఉమ్మడిగా వాడుకోవాలని మళ్లీ చెప్పిందంటే, కొఠారి మాటనే కొత్త కాగితం మీద తిరగరాసిందని అనుకోవాలి.

ఈ లోటు ఎలా ఉంటుందో చూడాలంటే మోత్కూర్ వంటి చోటు అనువైనది. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోని మండల కేంద్రమైన ఈ ఊరు 2016 అక్టోబరు 11 నాటి జిల్లాల పునర్విభజనతో యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది. పాత మండలంలోంచి అడ్డగూడూరు విడివడి వేరే మండలమైంది. 2018లో మోత్కూర్ మున్సిపాలిటీ అయింది. పేరుకు పట్టణమే గాని బతుకంతా చుట్టూ ఉన్న వరి, పత్తి చేలతో ముడిపడినది. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు ఉన్నత పాఠశాలకో, జూనియర్ కళాశాలకో రావాలంటే ఆర్టీసీ బస్సో, ఆటోనో, సైకిలో దిక్కు. ఎంఈవో కార్యాలయం, బ్యాంకు, ఆసుపత్రి, పోలీసు ఠాణా అన్నీ ఉన్న ఇటువంటి మండల కేంద్రంలో కూడా ప్రభుత్వ బడి పిల్లవాడికి సలహా చెప్పడమే ఉద్యోగంగా గల మనిషి కనిపించడు. మానసిక వైద్యుడు కావాలంటే బీబీనగర్ ఎయిమ్స్‌కో, నల్లగొండ పెద్దాసుపత్రికో, హైదరాబాద్ ఎర్రగడ్డకో పోవాలి. అంత దూరం పోవలసిన అవసరం పడకముందే ఆదుకోవలసిన మెట్టు ఒకటి ఉంటుందని, అది బడిలోనే ఉండాలని వ్యవస్థ గుర్తించలేదు.

ఈ లోటు అన్నిటికన్నా స్పష్టంగా బయటపడేది పదో తరగతికీ ఇంటర్మీడియట్‌కూ నడుమ ఉన్న గట్టు దగ్గర. తెలంగాణలో 2024 మార్చి పరీక్షల్లో పదో తరగతి ఉత్తీర్ణత 91.31 శాతం. ఏడాది తిరిగాక, ప్రధానంగా ఆ పిల్లలే రాసిన 2025 ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షల్లో ఉత్తీర్ణత 66.89 శాతం. పరీక్షల తీరు వేరు, పాఠ్యాంశాల బరువు వేరు, ఇంటి నుంచి కళాశాల దూరం వేరు. ఈ తేడాకు కారణాలు పలు విధాలు. అయినా పన్నెండు నెలల కిందట పదిమందిలో తొమ్మిదిమంది గట్టెక్కిన తరంలో ముగ్గురికి ఒకరు చతికిలబడ్డారంటే, వారిలో చాలామంది తమకు ఏ గ్రూపు సరిపడుతుందో తెలియకుండానే చేరారని అనుమానించడానికి తగినంత ఆధారం ఉంది. స్నేహితుడు ఎంపీసీ తీసుకున్నాడని ఎంపీసీ, అక్క నర్సింగ్ చదువుతున్నదని బైపీసీ, పీఆర్వో ఇంటికొచ్చి ఫీజులో రాయితీ ఇస్తామన్నాడని హైదరాబాద్ కళాశాల: ప్రైవేటు కళాశాలల ప్రచార ప్రతినిధులు వేసవిలో ఊరూరా తిరిగి చేసే పనే పల్లెల్లో నేటికీ వృత్తి మార్గదర్శనంగా చలామణి అవుతున్నది. పదో తరగతి పిల్లల జాబితా ఎవరి చేతిలో ఉందో, వారికి సలహా చెప్పే హక్కు ఎవరికి దక్కిందో ఆలోచిస్తే ఇది చిన్న విషయం కాదు.

సమాచారం ఒక్కటి సకాలంలో అందకపోతే ఏమవుతుందో జాతీయ ఉపకార వేతన పథకం చూపుతుంది. ఎన్ఎంఎంఎస్ అని పిల్లలు పిలుచుకునే ఈ పరీక్షను ఎనిమిదో తరగతిలో రాసి గెలిచిన పేద విద్యార్థికి తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఏటా 12,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. అయితే ఆ విద్యార్థి ప్రభుత్వ, స్థానిక సంస్థల, లేదా ఎయిడెడ్ సంస్థలోనే చదవాలి, పదో తరగతిలో 60 శాతం మార్కులు తెచ్చుకోవాలి. ఎస్సీ, ఎస్టీలకు ఇది 55 శాతం. ప్రైవేటు జూనియర్ కళాశాలలోనో, రాష్ట్ర ప్రభుత్వ గురుకులంలోనో చేరితే మిగిలిన రెండేళ్ల సొమ్ము, అంటే 24,000 రూపాయలు, రాకుండా పోతుంది. గురుకులంలో వసతి, భోజనం దొరుకుతాయి గనుక కొందరికి ఆ నష్టం భరించదగినదే కావచ్చు. ఫీజు కట్టి ప్రైవేటులో చేరేవారికి అది రెండు వైపులా దెబ్బ. ఏది లాభమో పిల్లవాడి తల్లిదండ్రులతో కూర్చుని కాగితం మీద లెక్క వేసి చూపడానికి అరగంట చాలు. ఆ అరగంట ఎవరి విధుల్లోనూ లేదు. పాలిసెట్ ర్యాంకుతో ఇంజినీరింగ్ డిప్లొమాయే గాక వ్యవసాయ పాలిటెక్నిక్‌లో కూడా సీటు దొరుకుతుందని, టాటా టెక్నాలజీస్‌తో ఒప్పందం మీద 65 ప్రభుత్వ ఐటీఐలు ఆధునిక సాంకేతిక కేంద్రాలుగా మారుతున్నాయని, బాసర ఆర్జీయూకేటీలో ఆరేళ్ల సమీకృత ఇంజినీరింగ్ కోర్సుకు పదో తరగతి ప్రతిభే ఆధారమని, మానేసిన చదువును సార్వత్రిక పాఠశాల ద్వారా తిరిగి పట్టుకోవచ్చని తెలిసిన పిల్లలూ ఉన్నారు, తెలియనివారూ ఉన్నారు. తెలిసినవారి ఇంట్లో సాధారణంగా ఎవరో ఒకరు అప్పటికే చదువుకుని ఉంటారు.

ఉపాధ్యాయులే ఈ పని చేయవచ్చు గదా అన్న ప్రశ్నకు సమాధానం శీతాకాలంలో ఏ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వెళ్లినా దొరుకుతుంది. ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు, వారం వారం స్లిప్ టెస్టులు, వెనుకబడినవారి జాబితా వేరు. ఒక్కో ఉపాధ్యాయుడు కొందరు విద్యార్థులను దత్తత తీసుకుని, తెల్లవారకముందే ఫోన్ చేసి నిద్రలేపి, ఇళ్లకు వెళ్లి చదువుతున్నారో లేదో చూసి వచ్చే ఆనవాయితీ చాలా మండలాల్లో స్థిరపడింది. 2025 ఫిబ్రవరిలో యాదాద్రి భువనగిరి కలెక్టర్ హనుమంతరావు స్వయంగా తెల్లవారుజామున ఒక పదో తరగతి విద్యార్థి ఇంటి తలుపు తట్టి, చదువుకు ఆర్థికంగా తోడ్పడతానని మాట ఇవ్వడం పత్రికల్లో ప్రముఖంగా వచ్చింది. ఆ శ్రద్ధ మెచ్చుకోదగినదే. ఇంటింటికీ వెళ్తే తప్ప తెలియని సంగతులు ఉన్నాయని జిల్లా యంత్రాంగమే గ్రహించిందనడానికి అది నిదర్శనం కూడా. కాని జిల్లా కలెక్టర్ చేయవలసి వచ్చిన పని బడిలో ఎవరి పనీ కాలేదన్నది దాని వెనుక ఉన్న నిజం. పైగా ఈ శ్రమంతా ఉత్తీర్ణత శాతం చుట్టూ తిరుగుతుంది గనుక, పరీక్ష గండం దాటగానే ముగిసిపోతుంది. ఫలితాలు వచ్చాక పిల్లవాడు ఎక్కడ చేరాడన్నది దత్తత ఒప్పందంలో ఉండదు.

మరొక చిక్కు మరింత మౌలికమైనది. మార్కులు వేసే చేయి, హాజరు రాసే చేయి, తప్పు చేస్తే తల్లిదండ్రులకు కబురు పెట్టే చేయి ఒకటే అయినప్పుడు, ఆ మనిషి ఎంత మంచివాడైనా పిల్లవాడు తన గుట్టు ఆయన ముందు విప్పడు. ఈ సేవలకు ప్రాణం గోప్యత, అంటే విన్న మాట విద్యార్థి అనుమతి లేకుండా బయటికి పోదన్న నమ్మకం. దానికి ఒక హద్దు ఉంది: లైంగిక వేధింపు సంగతి తెలిసిన వెంటనే పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో తెలపడం 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి, పిల్లవాడి ప్రాణానికి ముప్పు ఉన్నదని తోచినప్పుడు కూడా మౌనం తగదు. ఆ హద్దును మొదటి సంభాషణలోనే పిల్లవాడికి వివరించి, మిగిలినదంతా తన దగ్గరే ఉంచుకోవడం శిక్షణతో అలవడే విద్య. స్టాఫ్ రూములో చాయ్ తాగుతూ ఫలానా వాడి ఇంటి సంగతి మాట్లాడుకునే అలవాటున్న వాతావరణంలో అది దానంతట అది రాదు. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఒక ఉపాధ్యాయుణ్ణి, ఒక ఉపాధ్యాయినిని ఆరోగ్య రాయబారులుగా గుర్తించి పదకొండు అంశాలపై తరగతులు నిర్వహించమన్నది. అది అవగాహనకు పనికొస్తుంది గాని, ఒంటరిగా కూర్చుని వినే మనిషికి ప్రత్యామ్నాయం కాలేదు.

దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతపు పిల్లల సమస్యలు పాఠ్యపుస్తకాల్లోని కౌమార సంక్షోభానికి అచ్చంగా సరిపోవు. పత్తి ఏరే కాలంలో బడిలో ఆడపిల్లల హాజరు పడిపోతుంది. పాలమూరు వైపు తల్లిదండ్రులు వలస వెళ్తే పిల్లలు ముసలివాళ్ల దగ్గరో, హాస్టళ్లలోనో మిగులుతారు. పత్తి అప్పుల పాలైన ఇంట్లో తండ్రిని కోల్పోయిన పిల్లవాడు పదో రోజుకే మళ్లీ తరగతిలో కూర్చుంటాడు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లయింది. బాల్యవివాహం ఖాయమైన సంగతి మొదట తెలిసేది సాధారణంగా తోటి విద్యార్థినులకే. ఆ మాట నమ్మకమైన పెద్దమనిషి చెవిన సకాలంలో పడితే బాలల సహాయ నంబరు 1098కి ఫోన్ వెళ్తుంది, బాలల సంక్షేమ సమితి కదులుతుంది, లేకపోతే ఆ బాలిక పేరు రెండు నెలల తరువాత డ్రాపౌట్ల జాబితాలో చేరుతుంది. 2024 ఫిబ్రవరిలో భువనగిరిలోని ఎస్సీ బాలికల వసతిగృహంలో ఇద్దరు పదో తరగతి విద్యార్థినుల మరణం జిల్లాను కలచివేసింది. అటువంటి ఘటన తరువాత వార్డెన్‌పై చర్య, విచారణ, పరామర్శలు వరుసగా జరిగిపోతాయి; మిగిలిన బాలికలతో వారాల తరబడి కూర్చుని మాట్లాడవలసిన మనిషి ఎవరన్న ప్రశ్న దగ్గర యంత్రాంగం తడబడుతుంది. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క ప్రకారం 2023లో దేశంలో 13,892 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ సంఖ్యను ఒక పరీక్షకో, ఒక కార్పొరేట్ కళాశాలకో అంటగట్టి చేతులు దులుపుకోవడం తేలిక. నిజానికి ప్రతి మరణం వెనుకా పలు కారణాలు ముడివేసుకుని ఉంటాయి, వాటిలో చాలావరకు ముందే కనిపించేవి.

చట్టపరంగా ఇప్పుడు తప్పించుకునే దారి లేదు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణంపై దాఖలైన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించే 15 మార్గదర్శకాలను, శాసనం వచ్చేదాకా అమలులో ఉండేలా జారీ చేసింది. వాటి ప్రకారం నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థ కౌమార మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన సలహాదారునో, మనస్తత్వ నిపుణుణ్ణో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరిని నియమించుకోవాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో లిఖితపూర్వక అనుసంధానం ఏర్పరచుకోవాలి. మార్కులను బట్టి పిల్లలను వేరు వేరు బ్యాచులుగా విడదీయరాదు, నలుగురిలో అవమానించరాదు. సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ అమలును చూడాలి. కోచింగ్ కేంద్రాలను దృష్టిలో పెట్టుకుని వచ్చిన తీర్పే అయినా ఇది జిల్లా పరిషత్ బడికీ వర్తిస్తుంది. చిక్కల్లా ఆ నూరు అన్న గీత దగ్గరే. పల్లె ఉన్నత పాఠశాలల్లో ఆరు నుంచి పది దాకా కలిపి నూరు లోపు పిల్లలున్నవి తక్కువేమీ కావు. వాటికి అనుసంధానం చాలునని కోర్టు అన్నది గాని, బయటి నిపుణుడే లేని మండలంలో ఆ అనుసంధానం ఎవరితో? బడిని ప్రమాణంగా తీసుకుంటే ఈ ముడి విడదు. బడుల గుంపును ప్రమాణంగా తీసుకుంటే విడుతుంది, అదే కొఠారి చెప్పిన పది బడుల లెక్క.

ఆ గుంపు కొత్తగా కట్టవలసినది కూడా కాదు. దగ్గరి బడులను ఒక గెజిటెడ్ హెడ్‌మాస్టర్ పర్యవేక్షణలోకి తెచ్చే స్కూల్ కాంప్లెక్స్ విధానం తెలుగు నేలపై దశాబ్దాలుగా ఉంది. అంతకన్నా మంచి నిదర్శనం భవిత కేంద్రం. వైకల్యం గల పిల్లల కోసం మండల కేంద్రంలో నడిచే ఈ కేంద్రాల్లోని ఐఈఆర్పీలు, అంటే సమ్మిళిత విద్యా వనరుల వ్యక్తులు, కేంద్రానికి వచ్చే పిల్లలకు నేర్పడమే గాక మండలంలోని బడులకూ, కదలలేని పిల్లల ఇళ్లకూ వెళ్తారు. చిన్న జీతంతో, భద్రత లేని ఉద్యోగంతో వారు నడిపిన ఈ సంచార సేవ, మండల స్థాయిలో ఇటువంటి పని సాధ్యమేనని రుజువు చేసింది. 2024 డీఎస్సీలో ప్రత్యేక విద్యకు వెయ్యికి పైగా రెగ్యులర్ పోస్టులు రావడం వెనుక సుప్రీంకోర్టు ఒత్తిడితో పాటు క్షేత్రంలో కనిపించిన ఆ పని కూడా ఉంది. ఇంకొంచెం వెనక్కి వెళితే, 2003లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్న ప్రొఫెసర్ శాంతా సిన్హా నాయకత్వంలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి, నల్లగొండ జిల్లాల్లో నడిపిన బ్రిడ్జి కోర్సు శిబిరాలు గుర్తొస్తాయి. పశువులు కాసి, పత్తి విత్తన చేలలో పనిచేసి వచ్చిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చే ముందు నెలల తరబడి వారితో ఉండి, తల్లిదండ్రులను ఒప్పించి, బడిలో చేరాక కూడా వెంట నడిచిన ఊరి యువకుల పనిని ఎవరూ కౌన్సెలింగ్ అని పిలవలేదు. నిజానికి అది అదే.

ఇతర దక్షిణాది రాష్ట్రాల్లో దారులు వేరువేరుగా ఉన్నాయి. కేరళలో స్త్రీ శిశు అభివృద్ధి శాఖ ప్రభుత్వ బడుల్లో సైకో సోషల్ కౌన్సెలర్లను నియమించింది. తమిళనాడు నిపుణులను వ్యాన్లలో బడులకు పంపే సంచార కేంద్రాలు నడిపింది. తెలంగాణలో 14416 నంబరుతో టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ అందుబాటులో ఉంది, అది విలువైన సేవే. కాని సొంత ఫోను లేని, ఉన్నా ఇంట్లో అందరి మధ్య మాట్లాడవలసిన పద్నాలుగేళ్ల బాలికకు ఫోను సేవ సగం తెరిచిన తలుపే. కేరళ అనుభవంలో నేర్చుకోవలసిన ఒక హెచ్చరిక ఉంది: ఏళ్ల తరబడి తాత్కాలిక గౌరవ వేతనంపైనే కొనసాగే సలహాదారులు నిలకడగా ఉండరు. నమ్మకం కుదరడానికి ఏడాది పట్టే పనిలో మనిషి ఏటా మారితే ఆ నియామకం లెక్క చూపడానికే మిగులుతుంది.

అర్హుల కొరత అన్న వాదన నిలవదు. మనస్తత్వశాస్త్రంలో, సామాజిక సేవా శాస్త్రంలో స్నాతకోత్తర పట్టాలున్నవారిని తెలుగు విశ్వవిద్యాలయాలు ఏటా తయారుచేస్తున్నాయి; ఎన్‌సీఈఆర్‌టీ మైసూరు ప్రాంతీయ విద్యా సంస్థ వంటి కేంద్రాల ద్వారా ఉపాధ్యాయులకే మార్గదర్శన, సలహా డిప్లొమా నడిపింది. డబ్బు సంగతికి వస్తే, రాష్ట్రంలో ఆరు వందల పైచిలుకు మండలాలున్నాయి. మండలానికి ఒకరు చొప్పున మొదలుపెట్టినా అది 11,062 పోస్టుల ప్రకటనలో ఇరవయ్యో వంతుకు కొంచెం ఎక్కువ. అసలు ప్రమాదం నియామకం తరువాత ఉంది. ఆ మనిషికి మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ నమోదులు, సెలవులో ఉన్న ఉపాధ్యాయుడి పీరియడ్లు అప్పగించడానికి ప్రతి బడీ సిద్ధంగా ఉంటుంది, ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు, బడుల్లో పని అంత ఎక్కువ. అందుకే ఆ కొలువు విధులను ఉత్తర్వులోనే రాయాలి: వారంలో ఏ రోజు ఏ బడి, తలుపు వేసుకోగల గది, విద్యార్థి వివరాలు ఎవరికి చూపవచ్చు ఎవరికి చూపరాదు, జూన్‌లో ఇంటర్ ప్రవేశాల దాకా పదో తరగతి పిల్లలను వెంబడించే బాధ్యత, బాలల సంక్షేమ సమితికీ జిల్లా మానసిక ఆరోగ్య విభాగానికీ నేరుగా రాసే అధికారం.

జిల్లాల పునర్విభజన తరువాత దక్షిణ తెలంగాణలోని నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత జిల్లాల పరిధిలో ఎనిమిది జిల్లాల యంత్రాంగాలు పనిచేస్తున్నాయి. సుప్రీంకోర్టు చెప్పిన జిల్లా కమిటీ మొదటి సమావేశంలో అడగవలసిన ప్రశ్న ఒకటే, మా జిల్లాలో ఈ పని చేసే మనిషి పేరేమిటి అని. మోత్కూర్, దేవరకొండ, నారాయణపేట వంటి మండలాల్లో పది బడులకు ఒకరి చొప్పున ప్రయోగాత్మకంగా నియమించి, రెండేళ్ల పాటు హాజరును, బాల్యవివాహాల అడ్డగింతను, ఇంటర్ మొదటి సంవత్సరం ఫలితాన్ని లెక్కగట్టి, ఆ తరువాత వచ్చే డీఎస్సీలో విద్యార్థి సలహాదారు అనే వరుసను మంజూరు పోస్టుగా చేర్చాలి. పాఠశాల విద్యాశాఖ ఆ ప్రతిపాదనను ఆర్థికశాఖకు పంపడంతో ఈ పని మొదలవుతుంది.